గీత నిజమే చెప్పింది

చొక్కా సంగతి

ఈసీజీ తీయడం ఎవరికైనా రెండు రోజుల్లో నేర్పవచ్చు. చొక్కా విప్పించడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మా వైపు మగవాళ్లు పొలంలోనూ సంతలోనూ చొక్కా లేకుండానే తిరుగుతారు. అదే మనిషిని ఈసీజీ గదిలో బల్ల మీద పడుకోబెట్టి "చొక్కా తీయండి బాబూ" అంటే పెళ్లిచూపుల్లో పిల్లలా ముడుచుకుపోతాడు. "ఏటమ్మా, సొక్కా మీంచి అవదేటి?" అని బేరం మొదలుపెడతాడు. ఇక ఆడవాళ్లయితే నేను తలుపు గొళ్లెం వేసినా నమ్మరు. లేచి వెళ్లి వాళ్లు మళ్లీ ఒకసారి లాగి చూస్తారు. ఒకావిడ బల్లెక్కి బోర్లా పడుకుని, "నీ తీగలేవో ఈపు మీద ఎట్టుకో తల్లీ, గుండె ఇటేపు కూడా ఇనిపిస్తాది" అంది. పావుగంట నచ్చజెప్పాను. ఆవిడ వెల్లకిలా తిరిగేసరికి నాకు చెమట పట్టింది.

ఈ పనిలో చేరే పిల్లలకు మిషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మనుషుల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు దయామణి. మాది పాతపట్నం. నాన్న మిషనరీల బడిలో మాస్టారు. విజయనగరం జిల్లాలో ఒక ఆసుపత్రిలో ఈసీజీ టెక్నీషియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. మధ్యలో ఏవో గ్రేడులు మారాయి. వాటివల్ల ఎవరి గుండే బాగుపడలేదు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మొదటి రోజే, "మేడమ్, మిషన్ పుస్తకంలో లేనివేమైనా ఉంటే చెప్పండి" అని అడిగింది. ఉన్నాయి. కాకపోతే వాటిలో సగం నా తప్పులే.

కుంకుమ, పసుపు, ఆకు, కాటుక

నాకు పని నేర్పింది సన్యాసమ్మ గారు. నేను చేరేనాటికి ఆవిడ రిటైర్మెంటుకి ఆరు నెలలుంది. మిషన్‌కి నాలుగు రంగుల తీగలుంటాయి, రెండు చేతులకూ రెండు కాళ్లకూ. ఏది దేనికో నేను మొదటి వారం నాలుగుసార్లు తప్పాను. ఐదోసారి ఆవిడ నా చెవి పట్టుకుని చెప్పింది.

"ఒసే గుంటా, ఇలగ గుర్తెట్టుకో. కుడిసేతికి కుంకం, ఎడంసేతికి పసుపు. ఎడంకాలికి ఆకు, కుడికాలికి కాటిక. పేరంటానికి ఎల్లినట్టు సెయ్యి, తప్పు రాదు."

"మేం బాప్టిస్టులం కదండీ, పేరంటాలు నాకు తెలీవు."

"మిషనుకి ఏ మతమూ నేదు. రంగులు తెలిస్తే సాలు."

ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు. ఆ తర్వాత నేను నేర్పిన ప్రతి పిల్లకీ ఇదే చెప్పాను. ఇంగ్లీషులో నేర్చుకున్నవాళ్లు మరిచిపోయారు కానీ పేరంటంగా నేర్చుకున్నవాళ్లు ఎవరూ మరిచిపోలేదు.

అసలు మిషన్ చేసేదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. గుండె కొట్టుకునే ప్రతిసారీ ఒళ్లంతా పిసరంత కరెంటు పాకుతుంది. ఒక వోల్టును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క, అంతే. ఆ కాస్త కరెంటునీ చేతుల దగ్గరా, కాళ్ల దగ్గరా, రొమ్ము మీదా పట్టుకుని, పెద్దది చేసి, కాగితం మీద గీతగా గీయడమే మిషన్ పని. మొదటి గీత రెండు చేతుల మధ్య కరెంటుది. మామూలుగా గుండె కరెంటు ఎడమవైపుకి పోతుంది కాబట్టి ఆ గీత పైకి లేవాలి. చేతుల తీగలు తారుమారైతే అదే గీత తలకిందులవుతుంది. ఈ ఒక్క ముక్కా గుర్తుంచుకోండి. నా పరువు పోయింది దీని దగ్గరే.

కరెంటమ్మ

చేరిన మొదటి ఎండాకాలమే నా గీతలకి జబ్బు చేసింది. ఎవరిని పడుకోబెట్టినా గీత నిండా దువ్వెన పళ్లలాంటి సన్నటి గజిబిజి. ఫ్యాను ఆపాను, ట్యూబులైటు ఆపాను, తీగలన్నీ తుడిచాను. లాభం లేకపోయింది.

ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ సింహాద్రి వచ్చి గీత చూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఎర్తు ఎండిపోనాది మేడమ్. గోడెనకాల గోతిలో ఇనప గొట్టం ఉన్నాది గదా, అందులో రోజూ బిందెడు నీల్లు పొయ్యండి. కూసింత ఉప్పు కూడా ఎయ్యండి."

గోడల్లో పోయే కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. మనిషి ఒళ్లు దాన్ని రేడియో తీగలా పట్టేస్తుంది. గుండె చెవిలో గుసగుసలాడుతుంటే పక్కింట్లో మైకుసెట్టు పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. ఎర్తు బాగుంటే ఆ గోల భూమిలోకి దిగిపోతుంది. భూమి ఎండితే దిగదు.

మర్నాటి నుంచి పొద్దున్నే తెల్లకోటు వేసుకుని, బిందెతో వెళ్లి, గుప్పెడు ఉప్పు వేసి, గొట్టంలో నీళ్లు పోసేదాన్ని. పోశాక గదిలోకి వచ్చి గీత చూసుకుని నవ్వుకునేదాన్ని. కిటికీ అవతల వరసలో కూర్చున్న రోగులు ఇదంతా చూస్తున్నారని నాకు తట్టలేదు.

వారం తిరక్కముందే గొట్టానికి ఎవరో పసుపు రాశారు. తర్వాత కుంకుమబొట్టు వచ్చింది, ఆ తర్వాత మందారపువ్వు. ఒకరోజు కొబ్బరి చిప్ప కూడా కనబడింది. ఒక ముసలావిడ నా కొంగు పట్టుకుని అడిగింది.

"ఏ అమ్మోరు తల్లీ ఇది?"

నిజం చెప్పాల్సింది. నోరు ఊరుకోలేదు.

"కరెంటమ్మ."

"కరెంటమ్మా! కోపం జాస్తీయేటి?"

"ముట్టుకుంటే ఊరుకోదు."

ఆ రోజు నుంచి ఎవరూ గొట్టాన్ని ముట్టుకోలేదు. కానీ నేను బిందె ఎత్తే అవసరమే లేకపోయింది. వరసలో ఉన్నవాళ్లే తలా ఒక చెంబు పోసేవారు. ఆ ఎండాకాలమంతా జిల్లాలో మా గీతంత శుభ్రమైన గీత ఉండేది కాదని నా గట్టి నమ్మకం.

ఒక పొద్దున మా చర్చి పెద్ద ఒకాయన ఈసీజీకి వచ్చారు. నేను పసుపు పూసిన గొట్టం పక్కన నా వంతు చెంబుతో నిలబడి ఉండగా చూశారు.

"దయామణీ! ఏటమ్మా ఇది? మీ నాన్న సూస్తే ఏటనుకుంటాడు?"

ఆయన్ని గదిలోకి తీసుకెళ్లి నీళ్లు పోయకముందు తీసిన గీత, పోశాక తీసిన గీత రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"నీల్లు పొయ్యడం పాపమని ఎక్కడా నేదు. ఆ పసుపు నువ్వు రాయనేదు గదా?"

"లేదు అయ్యగారూ."

"మరి నీ మొకం ఎందుకలా నవ్వుతన్నాది?"

ఈ కథ నవ్వుకోవడానికే కాదు. ఇప్పటి మిషన్‌లకి ఫిల్టర్ అని ఒక బటన్ ఉంది. నొక్కితే గజిబిజి మాయమై గీత నున్నగా వస్తుంది. కొత్త పిల్లలు పొద్దున్న వచ్చీ రాగానే అది నొక్కేసి సాయంత్రం దాకా మరిచిపోతారు. ఆ బటన్ చెత్తతోపాటు గుండె గీసిన సన్నటి నొక్కుల్ని కూడా చెక్కేస్తుంది. మొహానికి పౌడరు రాస్తే మచ్చ కనబడదు, అంతమాత్రాన పోదు. ముందు నీళ్లు పోయండి. బటన్ తర్వాత.

ఎవరి వేలు?

ఇది చాలా ఏళ్ల తర్వాతి ముచ్చట. అయినా ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో తప్పు నాది కాదు.

అప్పటికి వార్డుల్లో మానిటర్లు వచ్చేశాయి. వేలికి క్లిప్పు పెడితే ఒంట్లో ఆక్సిజన్ ఎంత ఉందో, నాడి ఎంత కొట్టుకుంటోందో అంకెలు చూపిస్తుంది. క్లిప్పులో ఎర్రటి వెలుగు ఒకటి ఉంటుంది, కంటికి కనబడనిది ఇంకొకటి ఉంటుంది. వేల్లోంచి ఆ రెండూ ఎంతెంత దాటి వచ్చాయో చూసి, నెత్తురు ఎర్రగా ఉందా నల్లబడిందా అని మిషన్ లెక్క కడుతుంది. క్లిప్పు ఊడితే కుయ్యోమని అరుస్తుంది. ఆ మానిటర్లన్నీ సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసే పని నాకు అప్పగించారు.

మా పాతపట్నం వైపు నుంచి తవిటమ్మ అనే ముసలమ్మ ఆయాసంతో చేరింది. ఊపిరితిత్తులు పాడైపోయాయి. కారణం చుట్ట. అది కూడా అడ్డపొగ, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు ముసలమ్మల్లో చాలామందికి ఆ అలవాటు ఉంది. మొదటి రెండు రోజులూ ఆక్సిజన్ గొట్టం పెట్టినా మానిటర్ మీద అంకె తొంభై దాటలేదు. మూడో రోజు పొద్దున రౌండ్సుకి వచ్చిన కుర్ర డాక్టరు మానిటర్ చూసి మురిసిపోయాడు.

"తొంభై తొమ్మిది! ఏమ్మా, ఎలా ఉంది?"

నిలువునా దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి లోపల్నుంచే "ఊఁ" అంది.

"పడుకోనివ్వండి. ఆక్సిజన్ తీసేయండి. రేపు ఇంటికి పంపించేద్దాం" అని డాక్టరు పక్క మంచానికి వెళ్లాడు.

నేను మానిటర్ దగ్గరే ఆగిపోయాను. నిన్న సాయంత్రం నాడి నూటపది ఉంది. ఇప్పుడు డెబ్బై రెండు. పైగా ఆక్సిజన్ గొట్టం దిండు మీద ఒంటరిగా బుస్సుమంటోంది. నేను మిషన్‌నీ అడగలేదు, మనిషినీ అడగలేదు. క్లిప్పు తీగ పట్టుకుని ఎటు పోయిందో చూస్తూ దుప్పటి ఎత్తాను. లోపల తవిటమ్మ కోడలు కాంతం, వేలికి క్లిప్పుతో, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"మీ అత్త ఏదే?"

"నన్నేటీ అనకండి మేడమ్. ఏలు అందులో ఎట్టీసి కదలకండా పడుకోమంది. కదిలితే కరెంటు కొడతాదంది."

తవిటమ్మ పెరట్లో, బట్టలు ఆరేసే తీగల వెనకాల, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నోట్లోంచి చుట్ట తీసింది. భయం లేదు, సిగ్గు లేదు.

"ఏటమ్మా తవిటమ్మా ఇది? డాక్టరుగారు నీకు బాగైపోయిందని రేపు పంపించేస్తానంటున్నారు!"

"నానేటి సేసాను? ఏలు ఎట్టమన్నారు, ఎట్టినాను. ఎవుల్దని అడిగినారా?"

నిజమే. ఎవరమూ అడగలేదు.

చెయ్యి పట్టి లేవదీసి తీసుకొచ్చి క్లిప్పు తన వేలికే పెడితే అంకె ఎనభై నాలుగు. డాక్టరు ఆ అంకె చూసి, కాంతాన్ని చూసి, చివరికి తన బూట్లు చూసుకున్నాడు. తవిటమ్మ మరో తొమ్మిది రోజులు మా దగ్గరే ఉండి, ఈసారి నిజంగానే కాస్త తేరుకుని వెళ్లింది. నేను ఆ తీగ పట్టుకుని వెళ్లకపోతే ఆక్సిజన్ లేకుండా ఇంటికి వెళ్లి ఉండేది, మళ్లీ వచ్చి ఉండేది కాదు.

అంకె బాగుంటే అనుమానించండి. బాగులేనప్పుడు ఎలాగూ అందరూ అనుమానిస్తారు.

ఎర్ర పెన్సిలు

ఇక నా తప్పు.

నేను చేరినప్పుడు మా పెద్ద డాక్టరు కామేశ్వరరావు గారు. మంచి వైద్యుడు. అరిచేవారు కాదు. అరిచినా బాగుండేది. ఈసీజీ కాగితంలో ఏదైనా తేడాగా ఉంటే దాని మీద ఎర్ర పెన్సిలుతో ప్రశ్నగుర్తు పెట్టి అటెండరు చేతికిచ్చి తిరగ్గొట్టేవారు. అటెండరు ఆ కాగితాన్ని జెండాలా ఎత్తి పట్టుకుని, వరసలో ఉన్న జనం మధ్య నుంచి నా గదికి వచ్చేవాడు. జనం అందరికీ తెలిసిపోయేది, ఈసీజీ అమ్మ మళ్లీ తప్పు చేసిందని.

సన్యాసమ్మ గారు రిటైరయ్యాక, మొదటి ఏడాదిలోనే నేను రెండుసార్లు నిజంగానే చేతుల తీగలు తారుమారు చేశాను. రెండుసార్లూ ఎర్ర గుర్తు వచ్చింది. మూడోసారి రాకూడదని ఒక ఉపాయం కనిపెట్టాను. మొదటి గీత తలకిందులుగా వచ్చిందా, ఇక ఏ తీగ ఏ చేతికుందో చూడక్కరలేదు. రెండూ పీకి అటుది ఇటు, ఇటుది అటు పెట్టేయడమే. గీత పైకి లేస్తుంది. ఎర్ర పెన్సిలు రాదు. ఆ ఉపాయం తెలివైనదనుకున్నాను.

గౌరయ్య

నేను చేరిన మూడో ఏడాది శృంగవరపుకోట నుంచి గౌరయ్య వచ్చాడు. సంతలో చింతపండు బస్తాలూ పనసకాయలూ మోసే కళాసీ. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. బస్తా జారి రొమ్ముకి తగిలిందట, అప్పటి నుంచి నొప్పి. బల్లెక్కుతూ "మేడమ్, ఈ బల్ల నన్ను మోస్తాదా? నాను రెండు బస్తాల పెట్టు" అని నవ్వించాడు. వెంట వాళ్లమ్మ బంగారమ్మ ఉంది.

నేను తీగలు పెడుతుంటే ఆవిడ నా పక్కకి వచ్చి మెల్లగా చెప్పింది.

"అమ్మా, ఈడికి కుడేపు కొట్టుకుంటాది. ఒక పాలి సూడు."

"గుండె ఎవరికైనా ఎడమవైపే కొట్టుకుంటుందమ్మా."

"నాకు తెల్దేటి? నలుగుర్ని కన్నాను. ముగ్గురికీ ఎడమేపే. ఈడొక్కడికే ఇటేపు. పాలిచ్చినప్పుడు నా సేతికి తగిలీది."

"నువ్వు బయట కూర్చో అమ్మా. గదిలో మాట్లాడితే గీత పాడవుతుంది."

అబద్ధం. బల్ల మీద ఉన్న మనిషి మాట్లాడితే పాడవుతుంది కానీ పక్కన నిలబడ్డవాళ్లు మాట్లాడితే ఏమీ కాదు. ఆవిడ నోరు మూయించడానికి అలా అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

మిషన్ నడిపాను. మొదటి గీత తలకిందులుగా వచ్చింది. నా చెయ్యి ఆలోచించలేదు. కుంకుమ తీగ పీకి ఎడమచేతికి, పసుపు తీగ కుడిచేతికి పెట్టేసింది. గీత చక్కగా లేచింది. తర్వాత రొమ్ము మీద గీతలు. అక్కడ ఆరు చోట్ల తీస్తాం. రొమ్ము మధ్య నుంచి ఎడమ చంక వైపు పోతున్నకొద్దీ గీత ఎత్తు పెరగాలి. ఇతనికి పోనుపోనూ పొట్టిదైపోయింది. తీగని రొమ్ముకి అంటించే రబ్బరు బుడ్డీ సరిగా అతకలేదేమోనని జెల్లీ రాసి మళ్లీ తీశాను. అదే వచ్చింది. అలాగే పంపించేశాను.

ఎర్ర గుర్తు రాలేదు. ఆ రోజు నేను సంతోషించాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

కామేశ్వరరావు గారు ఆ కాగితం చూసి, గుండె ముందు భాగం ఎప్పుడో దెబ్బతిన్నదని అనుకున్నారు. పొట్టి గీతలకి అది ఒక అర్థం. తేలికగా ఒప్పుకునేవారు కాదు కాబట్టి ఎక్స్‌రే కూడా తీయించారు. ఎక్స్‌రేలో గుండె ఎడమవైపే ఉంది. దాంతో గౌరయ్యకి ఎప్పుడో తెలియకుండా గుండెపోటు వచ్చి పోయిందని, మాత్రలు వేసుకోవాలని, బరువులెత్తకూడదని, రెండు నెలల తర్వాత మళ్లీ రావాలని చెప్పారు.

గౌరయ్య నా గది ముందు నుంచే వెళ్లాడు. తల్లితో అంటున్నాడు.

"బస్తా ఎత్తొద్దంటే నానేటి కలాసీనమ్మా?"

రెండు నెలలు

మళ్లీ వచ్చిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. బల్ల దగ్గరికి, నెత్తిన నిండు కుండ పెట్టుకున్నట్టు ఒక్కొక్క అడుగూ వేస్తూ వచ్చాడు. చిక్కిపోయాడు. జోకు వేయలేదు. పడుకున్నాక, "మేడమ్, నవ్వితే ఏటీ అవదు గదా? నవ్వితే గుండాగిపోద్దని మా ఈదిలో సెప్పినారు" అని అడిగాడు. రెండు నెలలుగా అతను నవ్వలేదట.

బంగారమ్మ ఈసారి లోపలికి రాలేదు. గుమ్మం అవతలే నిలబడి నా చేతులకేసి చూస్తోంది.

రొమ్ము మీద రబ్బరు బుడ్డీ నొక్కి పెట్టడానికి వంగాను. ఎడమవైపు బుడ్డీ నొక్కుతుంటే నా మణికట్టు అతని కుడి రొమ్ము మీద ఆనింది. చర్మం కింద ఏదో తట్టింది. ఆగాను. మళ్లీ తట్టింది. బుడ్డీ వదిలేసి అరచెయ్యి పెట్టాను. కుడివైపు, చనుమొన కింద, గుండె హాయిగా కొట్టుకుంటోంది.

తల ఎత్తితే బంగారమ్మ కళ్లు నా కళ్లలోనే ఉన్నాయి. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

తీగలు ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ పెట్టాను. కుడిచేతికి కుంకుమ, ఎడమచేతికి పసుపు. గీత తలకిందులుగా వచ్చింది. ఈసారి నేను దాన్ని సరిదిద్దలేదు. తర్వాత రొమ్ము గీతల్ని అద్దంలో చూసినట్టు కుడివైపు తీశాను. ఒకటి, రెండు, మూడు, మెట్లు ఎక్కినట్టు పెరుగుతూ వచ్చాయి. ఆరోగ్యమైన గుండె. పుట్టుకతోనే కుడివైపున ఉన్న గుండె. లక్షణంగా పనిచేస్తున్న గుండె. ఆ రొమ్ము నొప్పి బస్తా తగిలిన కండదే.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. కొత్త కాగితం ఇచ్చి "పోయినసారి మిషన్ బాగోలేదండీ" అనొచ్చు. మిషన్ కాదనదు. దాని మీద తప్పు నెట్టేసి ఎంతమంది బతుకుతున్నారో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నేను డాక్టరుగారి గదికి నడిచేంతసేపూ ఆ మాట నాలిక చివరే ఉంది. లోపలికి వెళ్లాక మాత్రం ఇంకో మాట వచ్చింది.

"పోయినసారి చేతుల తీగలు నేను మార్చానండీ. మీరు ఎర్ర గుర్తు పెడతారని."

ఆయన కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. స్టెతస్కోపు తీసుకుని నా గదికి వచ్చారు. గౌరయ్య రొమ్ము మీద కుడివైపు పెట్టి విన్నారు. చాలాసేపు విన్నారు. తర్వాత ఎక్స్‌రే అప్పారావుని పిలిపించారు.

అప్పారావు నిజాయితీగా చెప్పాడు. "గుండె కుడిపక్క కనబడింది సార్. ఫిల్ము తిరగేసి పట్టుకున్నానేమో అనుకుని, తిప్పి, కుడి గుర్తు అటేపు అంటించాను."

పాపం గౌరయ్య గుండెని ఎడమవైపుకి సర్దడానికి ఆసుపత్రి అంతా కలిసికట్టుగా పనిచేసింది.

డాక్టరుగారు మొదట అడిగింది నన్నే.

"దయామణీ, ఇలా తీగలు ఎన్నిసార్లు మార్చావు?"

"గుర్తు లేదండీ."

"అందులో ఎన్ని నీ పొరపాటు సరిదిద్దడానికి? ఎన్ని రోగిది?"

అది నాకు ఇప్పటికీ తెలియదు. గౌరయ్య లాంటి గుండెలు బహు అరుదు, ఇంకొకటి నా చేతిలో పడి ఉండదని నాకు నేను చెప్పుకుంటాను. చెప్పుకోవడం వేరు, తెలియడం వేరు.

ఆయనే మళ్లీ అన్నారు. "నువ్వు తీగలు మార్చావు. ఇతను ఫిల్ము మార్చాడు. నేను స్టెతస్కోపు మెడలో వేసుకుని కాగితం చూస్తూ కూర్చున్నాను. ముందు ఎవర్ని తిట్టాలో నువ్వే చెప్పు."

తర్వాత బంగారమ్మని లోపలికి పిలిచి కుర్చీ వేయించారు. ఆవిడ కూర్చోలేదు.

"అమ్మా, మీవాడి గుండెకి ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచీ కుడివైపు ఉంది. అంతే. తప్పు మాది."

"నాను సెప్పినాను గదా బాబూ. ఈయమ్మ బయట కూకోమంది."

డాక్టరుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

గౌరయ్య ఇంకా బల్ల మీదే ఉన్నాడు. "అయితే బస్తాలెత్తొచ్చా బాబూ?" అన్నాడు.

"ఎత్తొచ్చు."

"నవ్వొచ్చా?"

"నవ్వు."

అతను నవ్వలేదు. మోచేత్తో కళ్లు కప్పుకుని ఏడ్చాడు. తల్లి వచ్చి అతని రొమ్ము మీద, కుడివైపు, చెయ్యి వేసి నిలబడింది.

ఆ తర్వాత

డాక్టరుగారు గౌరయ్యకి ఒక చీటీ రాసి ఇచ్చారు. గుండె కుడివైపు ఉందని, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఇది చూపించమని. ఎర్ర పెన్సిలు మళ్లీ రాలేదు. గీత వింతగా ఉంటే ఆయనే లేచి మా గదికి వచ్చేవారు. నేను కూడా వింత గీతని వింతగానే పంపించడం మొదలుపెట్టాను. పక్కన "తీగలు రెండుసార్లు చూశాను" అని రాసేదాన్ని. అలా రాసిన రోజున నిజంగానే రెండుసార్లు చూసేదాన్ని.

ఇప్పటి మిషన్‌లు గీతతోపాటు రోగమేమిటో కూడా పైన అచ్చు వేస్తాయి. అడుగున, డాక్టరు చూసి నిర్ధారించాలని కూడా అచ్చు వేస్తాయి. డాక్టరు పైన ఉన్నది చదువుతాడు. మిషన్ డాక్టరు చూస్తాడని నమ్ముతుంది. ఈ ఇద్దరి మధ్యా రోగి మీద చెయ్యి వేసేది మీరొక్కరే. పిల్లలూ, వేయండి. తల్లి ఏదైనా చెబితే బయట కూర్చోబెట్టకండి.

కొన్నేళ్ల తర్వాత చింతపండు కొందామని శృంగవరపుకోట సంతకి వెళ్లాను. కళాసీల గుంపులోంచి ఎవరో "మేడమ్!" అని కేక వేశారు. గౌరయ్య. ఒళ్లు చేశాడు. నెత్తిన తలపాగా, చేతిలో టీగ్లాసు. నలిగి మాసిపోయిన ఆ చీటీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని జేబులోనే తిప్పుతున్నాడు. కొత్తగా వచ్చిన ప్రతి వ్యాపారితోనూ "నా గుండె ఎటేపుందో సెప్పు, సెప్పలేకపోతే టీ పోయించు" అని పందెం కడతాడట. సంతలో అతను సొంత డబ్బుతో టీ తాగి ఏళ్లయిందని తోటి కళాసీ ఒకడు ఫిర్యాదు చేశాడు.

గౌరయ్య నన్ను గుంపు మధ్యలోకి లాక్కెళ్లి, అందరికీ వినబడేలా పరిచయం చేశాడు.

"ఒరే, సూడండి. ఈ మేడమే. నా గుండెని రెండు నెల్లు ఎడమేపుకి మార్చీసింది."

అందరూ నన్ను ఏదో మహా సర్జన్‌ని చూసినట్టు నోరు తెరిచి చూశారు. ఒకడు లేచి తన స్టూలు నాకిచ్చాడు. నేను కాదనలేదు. కూర్చుని వాళ్లిచ్చిన టీ తాగాను.